నేను కలిపిన వాక్యం

రష్యన్ నుంచి తెలుగులోకి అనువాదం చేయడం నా వృత్తి. ముప్పై ఆరేళ్లు అదే చేశాను. ఇప్పుడు కామారెడ్డిలో రెండు గదుల వాటా అద్దెకు తీసుకుని ఉంటున్నాను. నాకు తెలిసినంతవరకు ఈ ఊళ్లో ఆ భాష వచ్చినవాళ్లు ఇంకెవరూ లేరు. మరిచిపోతానేమోనన్న భయంతో పొద్దున రాజంపేట రోడ్డు మీద నడకకు వెళ్లినప్పుడు నాతో నేనే రష్యన్‌లో మాట్లాడుకుంటాను. ఎదురొచ్చేవాళ్లు కొంచెం పక్కకు తప్పుకుని పోతారు. వాళ్లను తప్పుపట్టను.

ఈమధ్య ఒక అమ్మాయి నా నంబరు ఎక్కడో సంపాదించి ఫోన్ చేసింది. మెషిన్ చేసిన అనువాదాలను సరిదిద్దే ఉద్యోగంలో చేరిందట. "సార్, ఈ పనిలో అన్నిటికంటే పెద్ద తప్పు ఏది?" అని అడిగింది. అర్థం తప్పుగా రాయడం అని చెప్పి పెట్టేశాను. అది అబద్ధం. అర్థం తప్పులు నేను బోలెడు చేశాను. ఒకసారి ఓట్స్ జావను గుర్రపు దాణా అని రాసి, ఒక రైతు కుటుంబం చేత పేజీన్నర దాణా తినిపించాను. అలాంటివి దొరికినప్పుడు అందరం నవ్వుకున్నాం, దిద్దుకున్నాం.

నవ్వుకోలేనిది ఒకటి ఉంది. దాన్ని నా భార్యకు కూడా చెప్పలేదు. ఆమె పోయి ఆరేళ్లయింది. ఒకే ఇంట్లో అన్నేళ్లు ఉండి ఎందుకు చెప్పలేదో నాకే తెలియదు. ఆ అమ్మాయికి ఇవ్వాల్సిన జవాబు ఇప్పుడు రాస్తున్నాను. నా హోదాలు, వీసా కాగితాలు, సన్మానాల సంగతి ఇందులో ఉండదు. వాటివల్ల ఎవరికీ ఏమీ వచ్చేది లేదు.

గలీనా పావ్లోవ్నా తెలుగు

ఎల్లారెడ్డి పక్కన పల్లెలో పుట్టి, కామారెడ్డిలో డిగ్రీ చదివి, హైదరాబాదులో రష్యన్ నేర్చుకుని, ఎనభైల మొదట్లో మాస్కోలో ఒక ప్రభుత్వ ప్రచురణశాలలో చేరాను. రష్యన్ పుస్తకాలను తెలుగులో అచ్చువేసి చవకగా మన దేశానికి పంపేవాళ్లు. మీలో కొందరి ఇళ్లలో అమ్మానాన్నలు చదివినవి ఇంకా ఉండి ఉంటాయి.

పని ఇలా ఉండేది. నేను అనువాదం రాసేవాణ్ణి. అది టైపయ్యాక ఒక ఎడిటర్ ఎడమచేతి వైపు రష్యన్, కుడిచేతి వైపు తెలుగు పెట్టుకుని వాక్యం వాక్యం పోల్చి చూసేది. ఆమె పేరు గలీనా పావ్లోవ్నా. తెలుగు నేల మీద ఎన్నడూ కాలు పెట్టలేదు. విశ్వవిద్యాలయంలో పాత పుస్తకాలు చదివి నేర్చుకుంది. "మీరు ఫలహారము చేసితిరా?" అని అడిగేది. నేను ముఖం గంభీరంగా పెట్టి "చేసితిని" అనేవాణ్ణి.

మొదటి పుస్తకంలో ఒక రైతు నోట "గిట్లయితే ఎట్ల" అని రాశాను. నీలం పెన్సిలుతో సున్నా చుట్టి, ఇది ఏ జిల్లా మాట అని అడిగింది. మాదే అన్నాను. "తెలుగువారందరికిని అర్థము కావలెను గదా" అని కొట్టేసింది. మా అవ్వ మాట్లాడిన మాటల్లో సగం ఆ బల్ల మీదే పోయాయి. అప్పుడు బాధ కూడా కలగలేదు. నాగరికుణ్ణి అవుతున్నాననుకున్నాను.

అయినా ఆమె నాకు నేర్పిన పద్ధతి మంచిది. రష్యన్‌లో అయిదు వాక్యాలుంటే తెలుగులో అయిదే ఉండాలి. అసలులో లేనిది కలపకూడదు, ఉన్నది వదలకూడదు. రోజూ వాక్యాలు లెక్కపెట్టేది. ఆమె ఈ నియమాన్ని ఒకే ఒక్కసారి తప్పింది. అది నాకోసమే తప్పింది.

కత్తెర కనిపించేది కాదు

సెన్సారు అంటే ఒకాయన కత్తెర పట్టుకుని కూర్చుంటాడని నేను అనుకునేవాణ్ణి. తొమ్మిదేళ్లలో ఆ కత్తెర నాకు ఒక్కసారీ కనబడలేదు. మా దగ్గరికి వచ్చే పుస్తకాలన్నీ అప్పటికే ముద్ర పడి, అనుమతి పొంది, శుభ్రంగా వచ్చేవి. ఆ శుభ్రం వెనక ఏం జరిగిందో మెల్లగా తెలిసింది, అదీ ఎవరూ ఎదురుగా చెప్పగా కాదు.

కొన్ని పుస్తకాలు అచ్చే కాలేదు. రచయితలు రాసి మేజా సొరుగులో పెట్టి తాళం వేసుకున్నారు. కొందరు కార్బన్ పేపర్లు పెట్టి నాలుగైదు ప్రతులు టైపు చేసి, నమ్మినవాళ్లకు ఒక్కరోజు గడువు మీద ఇచ్చేవాళ్లు. అయిదో ప్రతి దాదాపు కనబడదు, అది దక్కినవాడు కళ్లు చించుకుని చదివేవాడు. కొన్ని అచ్చయి, తర్వాత గ్రంథాలయాల్లో ప్రత్యేక అనుమతి ఉన్నవాళ్లు తప్ప ఎవరూ చూడలేని మూసిన గదుల్లోకి పోయాయి. కాగితం మీద పెట్టడానికి భయపడి, ఇంకొకరి కవితలను భార్యలూ స్నేహితులూ కంఠస్థం చేసి ఏళ్లకేళ్లు తలలో మోశారు. గొప్ప కవులు బతకడానికి పరాయి భాషల అనువాదాలు చేశారు, పిల్లల కథలు రాశారు. అందుకే ఆ దేశంలో అనువాదాలూ పిల్లల కథలూ అంత బాగుంటాయని గలీనా పావ్లోవ్నా ఒకసారి నవ్వుతూ అని, వెంటనే తలుపు వైపు చూసింది.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసింది మాత్రం రచయిత తలలో కూర్చున్న సెన్సారు. ఇది కుదరదులే అని రాయకముందే కొట్టేసుకున్న వాక్యాలు ఎన్నో ఎవరికి తెలుసు? వాటికి ఏ సొరుగూ లేదు. ఆ అణచివేతే గొప్ప సాహిత్యాన్ని పుట్టించిందని మన దగ్గర కొందరు సభల్లో మాట్లాడతారు. నాకు ఒళ్లు మండుతుంది. గొంతు నొక్కితే పాట బాగుంటుందా? బాగా రాసినవాళ్లు దాన్ని తట్టుకుని రాశారు, అంతే.

ఆలుగడ్డలు కట్టిన శాలువా

నేను చేరిన మూడో ఏడు ఒక చిన్న నవలిక ఇచ్చారు. రాసినామె వేరా స్తెపానోవ్నా. మాస్కోకు దూరంగా ఒక రైల్వే ఊళ్లో ఉండేది. పెద్ద పేరున్న రచయిత్రి కాదు. కథ మార్ఫా అనే చాకిరీ మనిషిది. ఆమె భర్త యెగోర్‌ను ఒకరోజు ఎవరో తీసుకుపోతారు. ఎవరు, ఎందుకు అన్నది పుస్తకంలో ఉండదు. పసివాణ్ణి పెట్టుకుని ఆమె ఎలా బతికిందన్నదే కథ.

నడుమ ఒకచోట మార్ఫా నాలుగు ఆలుగడ్డలు ఉడకబెట్టి, అవి చల్లారకుండా శాలువా కొంగున కట్టుకుని స్టేషనుకు బయల్దేరుతుంది. అది పెళ్లినాడు భర్త కప్పిన శాలువా. ఆ పేరా అక్కడితో అయిపోతుంది. తర్వాతి పేరా ఇలా మొదలవుతుంది: "ఇంట్లోకి వచ్చేసరికి తలమీద శాలువా లేదు. పొయ్యి ఆరిపోయింది."

స్టేషన్లో ఏం జరిగిందో లేదు. ఎందుకు వెళ్లిందో లేదు. అచ్చులో పేజీ జారిపోయిందేమోనని ఇంకో ప్రతి తెప్పించి చూశాను. అందులోనూ అంతే. తెలుగు పాఠకుడు ఇక్కడ తట్టుకుని పడతాడు, నా అనువాదం సరిగా లేదనుకుంటాడు అనిపించింది. నాకు అప్పుడు ముప్పై ఏళ్లు కూడా లేవు. చేయి తిరిగినవాణ్ణని గర్వం. ఆ రెండు పేరాల నడుమ ఒక వాక్యం కలిపాను.

"దారిలో చలికి వణుకుతున్న ఒక ముసలమ్మ కనిపిస్తే, మార్ఫా తన శాలువా తీసి ఆమెకు కప్పింది."

గలీనా పావ్లోవ్నా ఊరుకుంటుందా? పట్టుకుంది. "ఇది రష్యనులో లేదు" అంది. ఇది లేకపోతే మావాళ్లకు అర్థం కాదు అన్నాను. ఆమె పెన్సిలు ఆ వాక్యం మీద పెట్టి చాలాసేపు ఉంది. తర్వాత పేజీ తిప్పేసింది. "మంచి వాక్యము. ఉండనిమ్ము" అంది. ఆ మెచ్చుకోలుకు ఆ రోజంతా నేలమీద నడవలేదు.

కుళాయి విప్పిన వంటగది

పుస్తకం ప్రూఫుల్లో ఉండగా వేరా స్తెపానోవ్నా వైద్యం కోసం మాస్కోకు వచ్చింది. తన పుస్తకం ఏదో దక్షిణ భారతదేశపు భాషలోకి పోతోందని తెలిసి, అనువాదకుణ్ణి చూడాలని ఉందని ప్రచురణశాలకు ఫోన్ చేసింది. ఆ ఫోన్ ఎత్తింది నేనే. ఆదివారం మధ్యాహ్నం ఆమె చెల్లెలి ఇంటికి వెళ్లాను. డెబ్బై దాటిన మనిషి. పొట్టిగా, దళసరి కళ్లద్దాలతో, మా ఊళ్లో పంతులమ్మలా ఉంది. చాయ్ పోసింది. రేగుపళ్లంత పళ్లతో చేసిన జామ్ గిన్నెలో పెట్టింది. మా ఊళ్లో చలి ఉంటుందా, ఏం పండిస్తారు అని అడిగింది. వరి, మక్క, చెరుకు అని చెప్పాను. నిజాంసాగర్ కాలువల గురించి చెబితే కళ్లు మూసుకుని వింది.

తర్వాత మెల్లగా అడిగింది. "మార్ఫా స్టేషను నుంచి తిరిగొచ్చే చోటు ఉంది కదా, అక్కడ మీ భాషలో ఎలా రాశావు?"

నేను ఎదురుచూస్తున్న ప్రశ్న అది. నా వాక్యాన్ని రష్యన్‌లోకి మార్చి గర్వంగా చెప్పాను.

ఆమె లేచి వంటగది కుళాయి విప్పింది. కప్పులు కడుగుతుందేమో అనుకున్నాను. కడగలేదు. నీళ్లు ధారగా పడుతూనే ఉన్నాయి. ఆమె నా పక్కకు వచ్చి కూర్చుంది. గోడలకు చెవులున్న రోజుల్లో మాటలు వినబడకుండా ఆ ఊళ్లో అందరూ చేసే పనే అదని నాకు అప్పుడు గుర్తొచ్చింది.

"అక్కడ నాలుగు పేజీలుండేవి" అంది. "తీసేయమన్నారు. తీసేశాను. అతుకు కనబడకుండా అక్కడ ఏదో ఒకటి కలపమన్నారు. దానికి ఒప్పుకోలేదు, ఏడాది పోట్లాడాను. బదులుగా కథలో ఊరి సంఘం అధ్యక్షుడి ఉపన్యాసం ఒకటి నాచేత రాయించుకున్నారు. కథ చివర వచ్చే ఆ సూర్యోదయం కూడా వాళ్లు రాయించుకున్నదే. ఆ రెండూ ఇచ్చి ఈ ఖాళీని కాపాడుకున్నాను. మా ఊళ్లో చదివినవాళ్లందరూ ఆ చోటికి రాగానే ఆగిపోయేవాళ్లు. స్టేషన్లో ఏమై ఉంటుందో వాళ్లకు తెలుసు. ప్రతి ఇంట్లోనూ తెలుసు."

కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "వాళ్లు తీసుకున్నారు. నువ్వు పూడ్చేశావు, బాబూ."

కోపంగా అనలేదు. అని ఉంటే ఇంత కాలం గుర్తుండేది కాదేమో. ఆ నాలుగు పేజీల కాగితాలు లేవట. పక్కింట్లో సోదా జరిగిన రోజు పొయ్యిలో పెట్టిందట. నీళ్ల చప్పుడులో వాటిని నాకు మొదటినుంచి చివరిదాకా నోటితో చెప్పింది. నేను అడగకుండానే రెండోసారి చెప్పింది. రెండుసార్లూ ఒక్క మాట తేడా లేదు. అందులో ఏముందో చివర చెబుతాను.

ఒక్క గీత

మర్నాడు ప్రూఫులు ఇంకా బల్లమీదే ఉన్నాయి. గలీనా పావ్లోవ్నా దగ్గరికి వెళ్లి, ఆ వాక్యం తీసేద్దాం, అసలులో లేదు కదా అన్నాను.

"నిన్న లేని సందేహము నేడేల?" అంది తెలుగులో. తర్వాత గొంతు తగ్గించి రష్యన్‌లోకి దిగింది. ఆమె భయపడినప్పుడే నాతో రష్యన్ మాట్లాడేది. "ఎవరిని కలిశావు?"

"ఎవరినీ కలవలేదు."

"అయితే తీయాల్సిన పనేముంది? ప్రూఫులో వాక్యం తీస్తే ఎందుకు తీశామో నేను రాసివ్వాలి. అది చదివినవాళ్లు ఇంతకుముందు ఎందుకు ఉంచావని అడుగుతారు. ఆ చోటు తీసి చూస్తారు. రాసినామె పేరు వస్తుంది, తర్వాత నీ పేరు, తర్వాత నాది."

అప్పుడు అర్థమైంది. ఆ ఖాళీ ఎందుకుందో ఆమెకు మొదటినుంచీ తెలుసు. పూడ్చిన గుంత దగ్గర ఎవరూ ఆగరు కనుకే నా వాక్యం ఆమెకు నచ్చింది. మా అధికారుల్లో ఒక్కరూ నన్ను ఏదీ కలపమని అడగలేదు. అడగకుండానే, జీతం లేకుండానే, వాళ్ల పని వాళ్లకంటే నాజూకుగా చేసిపెట్టాను.

పెన్సిలు నా చేతిలోనే ఉంది. ఒక్క గీత గీస్తే చాలు. "ఉండనివ్వండి" అని బల్లమీద పెట్టేసి వచ్చాను.

గలీనా పావ్లోవ్నాను నేను తిట్టుకోను. మంచి మనిషి, భయపడింది. నేనూ అంతే కదా అని చెప్పుకోవాలని చాలాసార్లు అనిపించింది. కానీ ఆమెకు పోవడానికి ఇంకో దేశం లేదు. నాకు ఉంది. ఏమవుతుంది, ఉద్యోగం తీసి కామారెడ్డికి పంపేవాళ్లు. ఇప్పుడు ఉన్నది కామారెడ్డిలోనే కదా.

తర్వాత

వేరా స్తెపానోవ్నా మరుసటేడే పోయింది. ఆ తర్వాత రెండు మూడేళ్లకు ఆ దేశంలో తలుపులు తెరుచుకున్నాయి. సొరుగుల్లోంచి, మూసిన గదుల్లోంచి అన్నీ ఒక్కసారిగా బయటికొచ్చాయి. జనం మెట్రోలో నిలబడి లావుపాటి పత్రికలు చదివేవాళ్లు. కొట్టేసిన పేజీలను తిరిగి చేర్చి అచ్చువేస్తున్నారు. ఆ రోజుల్లో నేను ఏ పత్రిక ఆఫీసుకైనా వెళ్లి, ఆమెవి నాలుగు పేజీలు నా తలలో ఉన్నాయి, రాసుకోండి అని చెప్పొచ్చు. చెప్పలేదు. చెబితే నా వాక్యం సంగతీ చెప్పాలి. ఈ మాట ఎంత చిన్నగా ఉందో రాస్తుంటే తెలుస్తోంది, కానీ ఉన్న కారణం అదొక్కటే.

ఆ తర్వాత దేశమే విడిపోయింది, ప్రచురణశాల మూతపడింది. హైదరాబాదుకు వచ్చి యంత్రాల మాన్యువళ్లు, మందుల కంపెనీల కాగితాలు అనువదించి మిగతా సర్వీసు గడిపాను. బోల్టు గురించి రాస్తే బోల్టు గురించే ఉండేది. కొన్నేళ్లు అది హాయిగా అనిపించింది. ఈమధ్య మళ్లీ అక్కడ కొన్ని పుస్తకాలను లోపల కనబడకుండా కవర్లో చుట్టి అమ్ముతున్నారని, ఒక పుస్తకాన్నయితే పేరాలకు పేరాలు నల్ల పట్టీలతో అచ్చువేశారని చదివాను. నల్లపట్టీలు వేసినవాళ్లెవరో నాకంటే నిజాయతీపరులు. అక్కడ ఏదో ఉండేదని తెలిసేలా వేశారు.

ఫోన్ చేసిన అమ్మాయికి నేను చెప్పాల్సింది ఇదే. అమ్మా, నువ్వు సరిదిద్దే మెషిన్ ఎక్కడా గతుకు ఉండనివ్వదు. ఖాళీ వస్తే ఏదో ఒకటి కలిపి నున్నగా చేస్తుంది. నీకు అదే పని చేయాలనిపిస్తుంది, జనం మెచ్చుకుంటారు కూడా. ఒకచోట కథ తెగినట్టుంటే, తెలుగు కుదరలేదని భయపడకు. ఎవరు తెంపారో ముందు అడుగు. జవాబు దొరక్కపోతే దాన్ని అలాగే ఉంచు. నీకు చేతకాదని పాఠకుడు అనుకుంటే అనుకోనీ.

ఎల్లారెడ్డి

పోయిన చలికాలం ఎల్లారెడ్డిలో ఒక చావుకు వెళ్లి, తిరుగు బస్సుకు గంట టైముంటే గ్రంథాలయంలో కూర్చున్నాను. చివరి బీరువాలో కింది అరలో ఆ పుస్తకం ఉంది. నా దగ్గర కూడా దాని ప్రతి లేదు. ఉంచుకోవాలనిపించలేదు. ఆ పేజీ తీశాను. నా వాక్యం కింద పెన్సిలుతో స్కేలు పెట్టి గీసినట్టు తిన్నని గీత ఉంది.

నచ్చిన వాక్యం కింద గీత గీయడం మనకు అలవాటే. ఈ ఊళ్లో ఒకరు ఆ అబద్ధాన్ని ప్రేమించారు. పుస్తకమంతా తిరగేశాను. ఇంకో మూడుచోట్ల గీతలున్నాయి. వెనక అంటించిన తారీఖుల చీటీలో ఒకే సభ్యత్వం నంబరు పదిసార్లకు పైగా ఉంది. పాత నంబరు, ఎవరో తెలుసా అని లైబ్రేరియన్‌ను అడిగాను.

"మన గంగామణక్కది సార్. బస్టాండు ఎనక గల్లీల ఉంటది, బీడీలు చేస్తది. ఇప్పటికీ వస్తది" అన్నాడు. పుస్తకం నా పేరుమీద రాయించుకుని వెళ్లాను. బస్సు పోతే పోయింది.

గంగామణికి యాభై దాటి ఉంటాయి. వసారాలో గోడకు ఆనుకుని, ఒళ్లో చాట పెట్టుకుని, తడి తునికాకును కత్తెరతో కోస్తోంది. ఆమె పక్కన ఒక పాత చెక్క పీట ఉంది. దానిమీద ఎవరూ లేరు. నేను ఈ పుస్తకాన్ని తెలుగు చేసినవాణ్ణని చెప్పాను. ఆమె కత్తెర కింద పెట్టింది.

"గీ బుక్కు మీరు రాసిండ్రా సార్? అగో! నిలవడ్డరేంది, కూసోండ్రి."

నేను పీట మీద కూర్చోబోతే, లోపలికి పోయి కుర్చీ తెచ్చి వేసింది. చిన్నప్పుడు పదో తరగతి దాకా చదివిందట. వాళ్ల అవ్వ, అంటే అమ్మ, పేరు సాయవ్వ. ఆమెకూ చుట్టుపక్కల ఆడవాళ్లకూ చదువు రాదు. "అందరు ఈడ కూసోని బీడీలు చేసేటోళ్లు. నేను చదివేదాన్ని. నేను చదివినంతసేపు నా వంతు బీడీలు వాళ్లు చేసేటోళ్లు. ఈ బుక్కు ఎన్నిసార్లు చదివిపిచ్చిండ్రో."

నేను ఆ పేజీ తీసి చూపించాను. "ఈ వాక్యం నీకు బాగా నచ్చినట్టుంది."

గంగామణి నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "నచ్చుడు కాదు సార్. గది మా అవ్వ గీపిచ్చింది. కథల యాడ అబద్ధమనిపిస్తె ఆడ గీత గియ్యమనేది."

మిగతా గీతలు చూశాను. ఒకటి అధ్యక్షుడి ఉపన్యాసం పక్కన ఉంది. ఒకటి చివరి సూర్యోదయం కింద ఉంది. అక్షరం రాని మనిషి, ఎల్లారెడ్డి వసారాలో కూర్చుని, అక్కడి ఆఫీసుల్లో బలవంతంగా రాయించినవాటిని ఏరి పక్కన పెట్టింది. నాలుగోది మాత్రం నడుముదాకా మంచు పడిందన్న వాక్యం. "అదేందో సార్, అంత మంచు యాడుంటదని అస్సలు ఒప్పుకోలే" అంది గంగామణి. అది నిజమేనని చెప్పాను.

"దీన్ని ఎందుకు అబద్ధమంది?" అని నా వాక్యం మీద వేలు పెట్టి అడిగాను.

"మా బాపు బొంబాయి పోయి రాలే సార్. నేను మూడేండ్లదాన్ని. అవ్వ వారానికోపారి రొట్టెలు కట్టుకోని కామారెడ్డి టేషన్‌కు పోయేది. బొంబాయి రైలు దిగెటోళ్ల మొకాలు సూసేది. ఎన్నేండ్లు పోయిందో. అందుకే ఇది చదవంగనే లొల్లి వెట్టింది. 'మొగడు కప్పిన శాలువ, దారిల ముసల్దానికి ఇస్తదా? టేషన్‌కు పోయే ఆడిది దారిల ఆగదే బిడ్డా. టేషన్ల ఏదో అయింది, ఈ రాసినోడు దాచిండు' అన్నది. నేను పెద్దగయినంక గూడ అడిగేది, ఏమయ్యుంటదే అని." చాటలోని ఆకులు సర్దుకుంది. "నాలుగేండ్లాయె పోయి. మరి ఏమయింది సార్ ఆడ?"

ఈ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. ఎవరైనా అడుగుతారని ఎదురుచూడటం కూడా ఎప్పుడో మానేశాను. ఆ నాలుగు పేజీలు నాతోనే మట్టిలో కలుస్తాయని రాజంపేట రోడ్డు మీద నడుస్తూ ఎన్నిసార్లు అనుకున్నానో. నా కళ్లు తడిసిపోయాయి, ఆమె చూడనట్టే ఊరుకుంది.

ముందు ఈ అబద్ధం కొట్టేయాలి అన్నాను. ఆమె కిటికీలోంచి బాల్ పెన్ తీసిచ్చింది. గ్రంథాలయం పుస్తకం మీద గీతలు గీయకూడదని నాకు తెలుసు. కింద సాయవ్వ గీయించిన గీత ఉంది. పైన వాక్యం మీదుగా నేనొకటి గీశాను. అరక్షణం పట్టింది. వారం తర్వాత ఆ నాలుగు పేజీలు రాసి, లైబ్రేరియన్‌కు చెప్పి అదే చోట అంటించి వచ్చాను. అవి అక్కడున్నాయి, చదువుకోవాలనుకున్నవాళ్లు చదువుకోవచ్చు.

ఆ పూట మాత్రం పెన్ను తిరిగిచ్చి, "చదువు" అన్నాను గంగామణితో.

ఆమె కళ్లద్దాలు పెట్టుకుని, వెనకటి అలవాటుగా గొంతు పెంచి చదివింది. ఆలుగడ్డలు ఉడికాయి, శాలువా కొంగున కట్టుకుంది, మార్ఫా స్టేషనుకు బయల్దేరింది. అక్కడ ఆగి నా వైపు చూసింది. నేను మొదలుపెట్టాను. గలీనా పావ్లోవ్నా దిద్దిన తెలుగులో చెబుదామనుకున్నాను. నోరు తెరిస్తే వేరే వచ్చింది.

"టేషన్ల రైలు ఆగి ఉన్నది. అన్ని మూసిన డబ్బలు. పైన చిన్న కంతలు, వాటికి ఇనుప కడ్డీలు. ఖైదీలను యాడికో తీస్కపోతున్నరు. ఆడోళ్లను దగ్గరికి రానిస్తలేరు. రైలు కదిలింది. కదిలినంక ఇగ ఎవరు ఆపుతరు, ఉరికింది. డబ్బ డబ్బకు 'యెగోర్, యెగోర్' అని ఒర్రుకుంట ఉరికింది. ఒక డబ్బల నుంచి 'నేనే' అని గొంతు ఇనవడ్డది. అది మొగని గొంతు కాదు."

"ఆమెకు ఎరుకైందా?"

"ఎరుకైంది. మొగని గొంతు ఎరుక కాదా? అయినా శాలువ తీసింది. ఆలుగడ్డలతోనే కంతల నుంచి లోపటికి తోసింది. లోపటి చెయ్యి అందుకున్నది. 'పొల్లగాడు నడుస్తున్నడు, పండ్లు వచ్చినయి' అని చెప్పింది. ఆ మనిషి లోపల నుంచి 'ఇంటికి పో, చలి వెడుతున్నది' అన్నడు. మొగడన్నట్టే అన్నడు. రైలు పోయింది."

గంగామణి పుస్తకం మళ్లీ కళ్లకు దగ్గరగా పెట్టుకుని, కొట్టేసిన వాక్యం దాటి చదివింది.

"ఇంట్లోకి వచ్చేసరికి తలమీద శాలువా లేదు. పొయ్యి ఆరిపోయింది."

పుస్తకం మూసింది. నా వైపు చూడలేదు. పక్కన ఖాళీగా ఉన్న పీట వైపు తిరిగింది.

"ఇన్నవా అవ్వా," అంది. "ముసల్దానికి ఇయ్యలేదట."